తేదీ మన చేతిలో లేని పరీక్షకి ప్లాన్ వెయ్యడం ఎలా?

తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలైన 783 గ్రూప్‌-2 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. అదే నెలలో గురుకుల పోస్టుల పరీక్షలు కూడా ఉండటంతో అభ్యర్థులు రోడ్డెక్కారు. నవంబర్ 2, 3కి మార్చారు. ఈలోగా అసెంబ్లీ ఎన్నికలు వచ్చిపడ్డాయి, 2024 జనవరి 6, 7 అన్నారు. అదీ జరగలేదు. ఆ తర్వాత ఆగస్టు 7, 8 అన్నారు. టీచర్ పోస్టుల డీఎస్సీ పరీక్షలు ఆగస్టు 5 దాకా ఉన్నాయి కాబట్టి మళ్లీ ఆందోళన, మళ్లీ వాయిదా. చివరికి 2024 డిసెంబర్ 15, 16న పరీక్ష జరిగింది. నోటిఫికేషన్‌కీ పరీక్ష హాలుకీ మధ్య రెండేళ్లు, అయిదు తేదీలు.

ఆ రెండేళ్లలో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లు ఎక్కువగా ఉండే అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో గోడలకి అతికించి చింపేసిన టైంటేబుళ్లు ఎన్నో. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలూ వీడియోలూ ముందుగా చెప్పేది "లక్ష్యానికి గడువు పెట్టుకో" అని. గడువు పెట్టే అధికారం పబ్లిక్ సర్వీస్ కమిషన్‌దో, కోర్టుదో, ఎన్నికల సంఘానిదో అయినప్పుడు ఆ సలహాతో ఏం చేసుకోవాలి? లక్ష్యాన్ని ఫలితానికీ తేదీకీ కట్టేస్తే ప్లాన్ ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది. రోజూ చేసే పనికీ, ఆ పనిని కొలిచే లెక్కకీ కడితేనే అది మన చేతికొస్తుంది. ఈ సంగతి ఉద్యోగం మారాలనుకునేవాళ్లకీ, ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకునేవాళ్లకీ కూడా వర్తిస్తుంది. కానీ గ్రూప్స్ అభ్యర్థుల విషయంలో దీని ఖరీదు హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, గడిచిపోయిన వయసు రూపంలో కళ్లముందు కనిపిస్తుంది.

ఆఫీసు గదిలో పుట్టిన సలహా

ఇవాళ ప్రతి మోటివేషన్ క్లాసులో వినిపించే "స్మార్ట్ గోల్స్" అనే సూత్రం 1981లో జార్జ్ డోరన్ అనే కన్సల్టెంట్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవగలిగేలా ఉండాలి, ఎవరు చెయ్యాలో అప్పజెప్పాలి, సాధ్యమయ్యేదై ఉండాలి, ఎప్పటికో చెప్పాలి. ఆయన రాసింది కంపెనీ మేనేజర్ల కోసం. మేనేజర్‌కి మనుషులు, బడ్జెట్, క్యాలెండర్ ఎంతో కొంత చేతిలో ఉంటాయి. తండ్రి పంపే డబ్బుతో గదిలో కూర్చుని చదివే పాతికేళ్ల కుర్రాడికి ఆ మూడింట్లో ఒక్కటీ ఉండదు. సూత్రంలో తప్పేమీ లేదు, అది పుట్టిన గది వేరు, అంతే.

ఇంకో కథ కూడా ఈ క్లాసుల్లో తరచూ వినపడుతుంది. 1953లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్లో 3 శాతం మంది మాత్రమే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారట, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది మొత్తం ఆస్తి కన్నా ఆ 3 శాతం ఆస్తే ఎక్కువట. అలాంటి సర్వే అసలు జరగనే లేదు. వెతికినవాళ్లకి యేల్‌లో దాని ఆనవాలు కూడా దొరకలేదు. అయినా ఇప్పటికీ స్లయిడ్ల మీద తిరుగుతూనే ఉంది.

నిజంగా జరిగిన పరిశోధన ఇంతకన్నా ఆసక్తిగా ఉంటుంది. 1968 నుంచి మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్, తర్వాత ఆయనతో కలిసి గ్యారీ లాథమ్ దశాబ్దాలపాటు ఈ లక్ష్యాల విషయం మీదే పనిచేశారు. వాళ్లు తేల్చిన ముఖ్యమైన సంగతి, "నీకు చేతనైనంత చెయ్యి" అని చెప్పడం కన్నా స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇస్తే పని బాగా జరుగుతుందని. దీనికి వాళ్లు చూపించిన ఉదాహరణల్లో 1970ల నాటి ఓక్లహోమా లారీల కథ ఒకటి. అడవిలో దుంగలు ఎక్కించుకునే లారీలు చట్టం అనుమతించిన బరువులో సుమారు 60 శాతమే మోసేవి. డ్రైవర్లకి "94 శాతం నింపండి" అని లక్ష్యం ఇచ్చారు. జీతం పెంచలేదు, బహుమతులు పెట్టలేదు. కొన్ని వారాల్లో లోడు 90 శాతం దగ్గరికి చేరింది.

ఈ కథని "పెద్ద లక్ష్యం పెట్టుకో" అనే నీతికి వాడేస్తుంటారు. కానీ ఎందుకు పనిచేసిందో చూడాలి. లారీలో ఎన్ని దుంగలు వెయ్యాలన్నది డ్రైవర్ చేతిలోనే ఉంది. వేసినదెంతో కాటా మీద అప్పటికప్పుడు తెలిసిపోతుంది. దుంగలు ఎలా ఎక్కించాలో అతనికి ముందే వచ్చు. పని తన చేతిలో ఉండటం, కొలత వెంటనే తెలియడం, పని చేతనై ఉండటం అనే ఈ మూడూ కలిశాయి కాబట్టే ఒక్క అంకె అంత మార్పు తెచ్చింది.

"గ్రూప్‌-2 కొట్టాలి" అన్న లక్ష్యాన్ని ఈ మూడింటితో పోల్చి చూస్తే ఒక్కటీ సరిపోదు. ఆ 783 పోస్టులకి వచ్చిన దరఖాస్తులు సుమారు 5.5 లక్షలు, అంటే పోస్టుకి 700. పరీక్ష రాసినవాళ్లు అందులో సగం కూడా లేరు. ఆ లెక్కన చూసినా పోస్టుకి 300 మందికి పైనే. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. అది కోర్టు మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. 2022లో 503 పోస్టులతో వచ్చిన తెలంగాణ గ్రూప్‌-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో ఒకసారి రద్దయింది, మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఈ మొత్తంలో అభ్యర్థి చెయ్యగలిగిందేమీ లేదు.

అలాగని ఉద్యోగం లక్ష్యంగా పెట్టుకోకూడదని కాదు. అది ఎటు వెళ్లాలో చెప్తుంది, ఇవాళ ఏం చెయ్యాలో చెప్పదు. ఆ రెండో పనికి వేరే లక్ష్యాలు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పని ఎలా చెయ్యాలో ఇంకా తెలియని దశలో మార్కుల లక్ష్యం పెడితే మేలు కన్నా కీడే ఎక్కువని లాథమ్, జెరార్డ్ సైట్స్ చేసిన ప్రయోగాలు చూపించాయి. అప్పుడు పెట్టుకోవలసింది నేర్చుకునే లక్ష్యం. మొదటి మూడు నెలల్లోనే "గ్రాండ్ టెస్టులో 600కి 400 రావాలి" అనుకున్నవాళ్లకి టెన్షన్ తప్ప మిగిలేది ఉండదు. "డేటా ఇంటర్‌ప్రిటేషన్ లెక్కలు చెయ్యడానికి ఇంకో రెండు దారులు పట్టుకోవాలి", "పాలిటీలో తప్పుపోయిన ప్రతి బిట్ ఎందుకు పోయిందో రాసుకోవాలి" లాంటివి ఆ దశలో పనికొస్తాయి. మార్కుల అంకె ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

పుస్తకం అంచు చెప్పే సంగతి

అశోక్‌నగర్‌లో సీనియర్లని జూనియర్లు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, సిలబస్ ఎన్ని నెలల్లో అయిపోతుంది?" సీనియర్ ఏదో ఒక అంకె చెప్తాడు. ఆ అంకెని తీసుకొచ్చి గోడ మీద రాసుకుంటారు. అది అతని వేగం, లేదా అతను తనకుందని అనుకునే వేగం.

మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువ అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఎమోస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు దీన్ని విద్యార్థుల మీదే పరీక్షించారు. డిగ్రీ చివరి థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే సగటున వచ్చిన జవాబు 34 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అని అడిగితే 49 రోజులు అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులు పైనే. అంటే భయపడుతూ వేసిన అంచనాని కూడా దాటిపోయింది. చెప్పిన టైంకి పూర్తి చేసినవాళ్లు మూడో వంతు కూడా లేరు.

దీనికి మందు "ఇంకొంచెం నిజాయితీగా అంచనా వెయ్యి" అనడం కాదు. అంచనా మానేసి కొలవాలి. ఉదాహరణకి 420 పేజీల ఎకానమీ పుస్తకం ఉందనుకుందాం. గోడ మీది ప్లాన్‌లో "రోజుకి 42 పేజీలు, పది రోజులు" అని ఉంటుంది. ఆ ప్లాన్ రాసేముందు మూడు రోజులు మామూలుగా చదివి, మొదలుపెట్టిన పేజీ, ఆపిన పేజీ, టైం ఒక కాగితం మీద వేసుకోవాలి. మొదటిరోజు 26 పేజీలు, రెండోరోజు 19, మూడోరోజు 24 వచ్చాయనుకుంటే సగటు 23. పుస్తకానికి 18 రోజులకి పైనే పట్టేలా ఉంది. ప్రతి మూడు రోజులకీ ఒకరోజు వెనక్కి తిరిగి చదవడానికి వదిలితే దాదాపు 24 రోజులు. గోడ మీది పదికీ దీనికీ తేడా రెట్టింపుకి మించి ఉంది. నాలుగు పేపర్లలోనూ ఇదే జరిగితే ఆరు నెలల ప్లాన్ ఏడాది దాటిపోతుంది. ఈ నిజం మొదటి వారంలో తెలిస్తే ఏ పుస్తకం వదిలెయ్యాలో, దేనికి నోట్సు చాలో అప్పుడే తేల్చుకోవచ్చు. అయిదో నెలలో తెలిస్తే మిగిలేది కంగారే.

ఈ లెక్కలో పండగలు, పెళ్లిళ్లు, ఊళ్లో పనులు కూడా రావాలి. దసరాకి, సంక్రాంతికి ఊరెళ్లని అభ్యర్థులు తక్కువ. శ్రావణంలో చుట్టాల పెళ్లి పడితే వెళ్లాలి, వరికోతలప్పుడు ఇంట్లో మనిషి కావాలి. వీటిని "అడ్డంకులు" అని రాసుకునే బదులు, కిందటి ఏడాది మొత్తం మీద ఎన్ని రోజులు ఇలా పోయాయో గుర్తు తెచ్చుకుని ఆ రోజుల్ని ముందే తీసెయ్యడం తెలివైన పని. కిందటి ఏడాది జరిగిందే ఈ ఏడాదీ జరుగుతుంది. "ఈసారి మాత్రం ఎక్కడికీ వెళ్లను" అన్న మాట నమ్మదగ్గది కాదు.

ఇక పేజీల కొలత కూడా పూర్తిగా నమ్మకూడదు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు విద్యార్థుల్లో కొందరి చేత ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరి చేత ఒక్కసారి చదివించి, మిగతా మూడుసార్లు చూడకుండా గుర్తు చేసుకుని రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే ఎక్కువసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకి సుమారు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం. అందుకని మర్నాడు పొద్దున పుస్తకం తెరవకుండా నిన్నటిదాన్ని అరపేజీలో రాయగలిగితేనే ఆ పేజీలు లెక్కలోకి వస్తాయి. ఈ పద్ధతిలో రోజువారీ అంకె చిన్నదవుతుంది, చూడ్డానికి అవమానంగా కూడా ఉంటుంది. కానీ పరీక్ష హాల్లో అడిగేది ఆ అంకెనే.

వాయిదా చేసే అసలు నష్టం ఇక్కడే కనిపిస్తుంది. పరీక్ష వాయిదా పడ్డ రోజు గదుల్లో ముందు ఊరట కనిపిస్తుంది. పదిరోజులు ఊరికి పోయి వస్తారు. తిరిగొచ్చాక కొత్త టైంటేబుల్ రాసి, పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెడతారు. నాలుగో పేపర్ అయిన తెలంగాణ ఉద్యమం పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. మొదటి మూడో వంతు అంచు వేలిముద్రలతో నల్లబడి, ఉబ్బిపోయి ఉంటుంది. చివరి మూడో వంతు కొన్ననాటి తెలుపుతోనే ఉంటుంది. 1956 పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం నిద్రలో లేపి అడిగినా చెప్తారు. 1973 ఆరు సూత్రాల పథకం దగ్గర కాస్త తడబడతారు. 1985 నాటి 610 జీవో, గిర్‌గ్లానీ కమిషన్, శ్రీకృష్ణ కమిటీ సిఫార్సులకి వచ్చేసరికి "చూశా గానీ..." అంటారు. సిలబస్ మాత్రం 1948-70, 1971-90, 1991-2014 అనే మూడు భాగాలకీ సమానంగా 50 మార్కులు ఇచ్చింది. ఒకే భాగాన్ని అయిదుసార్లు చదివి రెండేళ్లు కష్టపడ్డామనుకోవడం వాయిదాల వల్ల వచ్చే భ్రమ.

తేదీ రాకముందు, వచ్చాక

ఆచరణలో పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. ప్లాన్‌ని రెండు ముక్కలు చెయ్యాలి. మొదటిది తేదీతో సంబంధం లేకుండా వారానికి వారం నడిచేది. ఇన్ని గంటల కొత్త చదువు, ఒక మాక్ టెస్ట్, ఒక పూట వెనక్కి చూడటం. ఇది ఎంత తేలిగ్గా ఉండాలంటే ఒంట్లో బాగోని వారంలో కూడా సగమైనా సాగాలి. రెండోది చివరి 45 రోజుల ప్లాన్. ఏ రోజు ఏ పేపర్ రివిజన్, ఎన్ని గ్రాండ్ టెస్టులు, ఎన్ని ప్రీవియస్ పేపర్లు అన్నీ ముందే రాసి పెట్టుకోవాలి, కానీ మొదలుపెట్టకూడదు. తేదీ ఖాయమని నమ్మకం కలిగాకే దాన్ని బయటికి తియ్యాలి. మధ్యలో వాయిదా పడితే ఏ రోజు దగ్గర ఆగారో అక్కడ గుర్తు పెట్టి, మొదటి ప్లాన్‌లో ఎక్కడ వదిలారో అక్కడికే తిరిగి వెళ్లాలి, మొదటి పేజీకి కాదు. కొత్త టైంటేబుల్ రాయడం అనే ఆ హాయైన పని అవసరమే పడదు.

ఇందులో ప్రమాదం రెండో వైపు నుంచి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్‌-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ ఆ జులైలో అని, తర్వాత 2025 జనవరి 5 అని, ఆ తర్వాత ఫిబ్రవరి 23 అని మారుతూ వచ్చింది. రిజర్వేషన్ల రోస్టర్ వివాదం మీద ఆందోళనలు జరుగుతుంటే పరీక్షకి ముందురోజు ప్రభుత్వమే వాయిదా వెయ్యమని కమిషన్‌కి లేఖ రాసింది. ఇక పడిపోయినట్టే అని ఆ సాయంత్రం చాలామంది అనుకున్నారు. కమిషన్ మాత్రం అనుకున్న తేదీకే పరీక్ష పెట్టేసింది. వాయిదా వస్తుందన్న అంచనా మీద ప్లాన్ వేసుకోవడమూ వేరేవాళ్ల చేతికి పగ్గాలివ్వడమే. చివరి వారం టెలిగ్రామ్ గ్రూపుల్లో గడిపే గంటలకి ఇదే కారణం.

యూపీఎస్సీలా ఏడాది ముందే క్యాలెండర్ ఇచ్చి దానికి కట్టుబడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. అక్కడా 2020, 2021లో కోవిడ్ వల్ల, 2024లో లోక్‌సభ ఎన్నికల వల్ల సివిల్స్ ప్రిలిమ్స్ కదిలింది. కానీ కదిలిన ప్రతిసారీ కొత్త తేదీ నిలబడింది. రాష్ట్ర కమిషన్లని ఆ విషయంలో నిలదీయడం న్యాయమే. ఆ న్యాయం జరిగేలోపు చదువు ఆగకూడదు కదా, అందుకే ఈ రెండు ముక్కల ఏర్పాటు.

మోటివేషన్ ఎంతవరకు?

కోచింగ్ సెంటర్లలో ఆదివారం మోటివేషన్ క్లాసులకి హాలు నిండిపోతుంది. వాటి వల్ల ఏమైనా జరుగుతుందా అన్నదానికి 2002లో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగం మంచి జవాబు. విద్యార్థుల్ని మూడు గుంపులు చేసి వ్యాయామం చెయ్యమన్నారు. మొదటి గుంపుకి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. రెండో గుంపుకి గుండెజబ్బుల గురించి, వ్యాయామం లాభాల గురించి చదివించారు. మూడో గుంపుకి అదీ చదివించి, "ఫలానా రోజు, ఫలానా టైంకి, ఫలానా చోట చేస్తాను" అని రాయించారు. వ్యాయామం చేసినట్టు చెప్పినవాళ్లు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం, మూడో గుంపులో 91 శాతం. ఇది వాళ్లు చెప్పుకున్న లెక్క కాబట్టి 91ని యథాతథంగా పట్టుకోనక్కర్లేదు. కానీ ఉత్సాహం ఎక్కించిన గుంపుకీ ఏమీ చెప్పని గుంపుకీ తేడా లేకపోవడం గమనించదగ్గది. ఇలా ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే కట్టుకోవడం మీద పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల్ని కలిపి చూస్తే ప్రభావం బాగానే ఉందని తేలింది.

"రాత్రిపూట బిట్లు చేస్తా" అన్నది కోరిక. "మెస్‌లో తిని గదికి రాగానే, చెప్పులు విప్పి, ఫోన్ సూట్‌కేసులో పెట్టి, పొద్దున చదివినదాంట్లో ఇరవై బిట్లు చేస్తా" అన్నది ప్లాన్. తేడా చెప్పుల దగ్గరా సూట్‌కేసు దగ్గరా ఉంది. ఒక పని అయిపోవడమే రెండో పనికి గంట కొట్టాలి, అప్పుడు చెయ్యాలా వద్దా అన్న బేరం ఉండదు. అడ్డంకులకి కూడా ఇలాగే ముందే రాసుకోవచ్చు. "రూమ్మేట్ టీకి పిలిస్తే, ఈ పేజీ అయ్యాక వస్తా అని చెప్పి అయ్యాకే లేస్తా." మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. రోజు పాడయ్యేది ఎక్కువగా ఇలాంటి టీల దగ్గరే.

ఫోన్ వాల్‌పేపర్‌గా బుగ్గ కారు పెట్టుకోవడం, నోట్‌బుక్ మీద పేరు పక్కన "డిప్యూటీ కలెక్టర్" అని రాసుకోవడం గురించి కూడా ఒక మాట. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియెల్ ఎటింగెన్ 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల మీద చేసిన అధ్యయనంలో రెండు విషయాల్ని విడదీసి చూశారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. తగ్గిపోయినట్టు తియ్యగా ఊహించుకునేవాళ్లు తక్కువ తగ్గారు. నమ్మకం, ఊహ ఒకటి కావు. ఊహలో కారు ఇప్పటికే వచ్చేసింది కాబట్టి ఇవాళ్టి ఇరవై బిట్ల తొందర తగ్గిపోతుంది. ఎటింగెన్ తర్వాతి పరిశోధనల్లో సూచించింది, కోరుకున్నది ఊహించుకున్న వెంటనే దానికి అడ్డుపడే తన సొంత అలవాటేదో కూడా ఎదురుగా పెట్టుకోమని. వాల్‌పేపర్‌గా కారుకి బదులు నిన్నటి స్క్రీన్ టైం పెట్టుకుంటే ఆ పని జరుగుతుంది, అందంగా ఉండదు గానీ.

ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులని ఒక రకంగా అనొచ్చు. సచివాలయంలోనో, కానిస్టేబుల్‌గానో పనిచేస్తూ రోజుకి రెండు గంటలే దొరికేవాళ్లకి ఊహలకి టైం ఉండదు. వాళ్ల ఇబ్బంది వేరే, డ్యూటీ షిఫ్టు మారినప్పుడల్లా అలవాటు తెగిపోతుంది. వాళ్లు పనిని గడియారానికి కాకుండా డ్యూటీ దిగడానికి కట్టుకోవాలి.

ఎప్పుడు ఆపాలి?

ప్లానింగ్ గురించి మాట్లాడేవాళ్లు దాదాపుగా ముట్టుకోని భాగం ఇది. యూపీఎస్సీ సివిల్స్‌కి జనరల్ అభ్యర్థులకి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు అనే గీత ఉంది. తెలంగాణ కొత్త రాష్ట్రంలో నోటిఫికేషన్లు ఆలస్యమయ్యాయని గరిష్ఠ వయసుని 2022లో 44కి, 2024లో 46కి పెంచారు. నష్టపోయినవాళ్లకి అది న్యాయమే. కానీ దానివల్ల ఇంకో సంగతి జరిగింది. బయటి నుంచి "ఇక చాలు" అని చెప్పే గీత దూరంగా జరిగిపోయింది. ఇప్పుడా గీత ఎవరికి వాళ్లే గీసుకోవాలి.

గీసుకోకపోతే ఏం జరుగుతుందో తెలిసిందే. "ఇంకొక్క నోటిఫికేషన్ చూస్తా నాన్నా" అన్న ఫోన్ కాల్ ఏటా ఒకసారి వెళ్తుంది. అవతల నాన్న "సరేరా" అంటాడు, అనకుండా ఉండలేడు. పెట్టిన ఏళ్లు ఎంత ఎక్కువైతే వదలడం అంత కష్టమవుతుంది. అమ్మాయిల విషయంలో కథ తిరగబడుతుంది. వాళ్లకి గీత ఇంట్లోవాళ్లు గీస్తారు. సంబంధం కుదిరితే ప్రిపరేషన్ అక్కడితో ఆగిపోతుంది, తయారీ ఏ దశలో ఉందో ఎవరూ అడగరు. అందుకే అమ్మాయిలకి ఈ గీత ముందే రాతలో ఉండటం ఇంకా అవసరం. ఇంట్లో కూర్చోబెట్టి "ఈ రెండు పరీక్షలు అయ్యేదాకా సంబంధాల మాటెత్తొద్దు, ఆ తర్వాత మాట్లాడదాం" అని ఒప్పించడానికి చేతిలో ఏదో ఒక లెక్క ఉండాలి.

ఆ లెక్క ఎలా ఉండాలి? వయసుతోనో ఏళ్లతోనో కడితే వాయిదాలు దాన్నీ మింగేస్తాయి. రెండేళ్లు అని రాసుకున్నవాళ్లకి తెలంగాణ గ్రూప్‌-2లో ఆ రెండేళ్లలో ఒక్క పరీక్షే వచ్చింది. జరిగిన పరీక్షలతో, ఖర్చయిన డబ్బుతో, మార్కుల కదలికతో కట్టడం మేలు. మాదిరికి: జరిగిన రెండు పరీక్షల్లో కటాఫ్‌కి 40 మార్కుల దూరంలోనే ఉండిపోతే, లేదా ఆరు నెలల మాక్ టెస్టుల సగటు కదలకపోతే, లేదా ఇంటి నుంచి తెచ్చింది అనుకున్న మొత్తం దాటితే పూర్తికాల ప్రిపరేషన్ ఆపెయ్యాలి. అంకెలు ఎవరివి వాళ్లవి. వాటిని ఫలితాలు వచ్చిన రోజు రాయకూడదు. ఆ రోజు రాసేవన్నీ ఏడుపుతోనో పంతంతోనో రాసినవవుతాయి. మామూలు మంగళవారం రాసి, నమ్మకమున్న ఒక మనిషికి ఒక కాపీ ఇవ్వాలి. అక్కయినా, మేనమామైనా, ముక్కుసూటిగా మాట్లాడే స్నేహితుడైనా సరే.

ఆ కాగితంలో ఆపాక మర్నాటి నుంచి ఏం చెయ్యాలన్నది కూడా ఉండాలి. 2003లో కార్స్టెన్ రోష్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, అందని లక్ష్యాన్ని వదలగలగడం, వదిలాక ఇంకోదాన్ని పట్టుకోగలగడం రెండూ మనిషి మానసిక ఆరోగ్యానికి ముఖ్యమని కనిపించింది. రెండోది లేకుండా మొదటిది జరిగితే మిగిలేది ఖాళీ. గ్రూప్స్ అభ్యర్థులకి ఈ రెండోది కనిపించేంత కష్టం కాదు. తెలంగాణ గ్రూప్‌-3 మూడు పేపర్ల సిలబస్ గ్రూప్‌-2 మొదటి మూడు పేపర్లకి చాలా దగ్గరగా ఉంటుంది, కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ అది రాయొచ్చు. చదివిన పాలిటీ, ఎకానమీ పాఠం చెప్పడానికి పనికొస్తాయి. టెస్ట్ సిరీస్‌లకి బిట్లు తయారుచేసేవాళ్లలో, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లలో ఒకప్పటి అభ్యర్థులు చాలామంది. డిగ్రీ చదువుకి సంబంధించిన పని దూరమై నాలుగేళ్లయితే మాత్రం దాన్ని తిరిగి అందుకోవడానికి ఆరు నెలలైనా పడుతుంది. ఆ ఆరు నెలల ఖర్చుని పైన అనుకున్న మొత్తంలోంచే పక్కకి తీసి పెట్టాలి, లేకపోతే ఆపే రోజు వచ్చేసరికి చేతిలో ఇంటికెళ్లే బస్ చార్జీలే ఉంటాయి.